తీసేసినవాడికి మెమో

రాష్ట్ర గణక సేవల డైరెక్టరేట్‌లో "తాత్కాలికం" అనే మాటను నిషేధించిన రోజున అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు మైలపల్లి పోలిరాజు. ఆ మాటతో అతనికి పదకొండేళ్ల పరిచయం మరి. ఆ ఆఫీసులో అతను తాత్కాలిక ప్రోగ్రామర్. పర్మనెంటు చేసే ఫైలు నాలుగో అంతస్తులో ఉంది. ఏడాదిపాటు ఒక్క మెమో కూడా పడకపోతే సంతకం పెడతామన్నారు. తొమ్మిది నెలలు గడిచాయి, మూడు నెలలున్నాయి. ఆ మూడు నెలలూ కళ్లు మూసుకుని, నోరు మూసుకుని, వీలైతే ముక్కు కూడా మూసుకుని వెళ్లదీద్దామని పోలిరాజు నిర్ణయించుకున్నాడు.

నిషేధం ఊరికే రాలేదు. రాజధాని నుంచి పెద్ద కార్యదర్శి గారు తనిఖీకి వచ్చి, హాల్లో పెద్ద తెర మీద నడుస్తున్న ప్రోగ్రామును చూసి, ఒక లైను దగ్గర ఆగారు. "తాత్కాలికం: రేపు సరిచేయాలి" అని ఉంది అక్కడ. (ఎప్పుడో ఒక డైరెక్టర్ గారికి భాషాభిమానం పొంగి, ప్రోగ్రాముల్లో రాసే గమనికలన్నీ తెలుగులోనే ఉండాలన్నారు. ఆయన వెళ్లిపోయారు, తెలుగు ఉండిపోయింది.) ఆ గమనిక పక్కన తేదీ చూస్తే పద్నాలుగేళ్ల కిందటిది. కార్యదర్శి గారు ఏమీ అనలేదు, నవ్వారు. ఏమైనా అని ఉంటే డైరెక్టర్ ముత్తా గుణరంజన్ గారు తట్టుకునేవారే గానీ, నవ్వేసరికి ఆయనకు రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడో రోజున మీటింగు పెట్టారు. ప్రభుత్వం శాశ్వతమైనదనీ, కావున ప్రభుత్వము చేయు ప్రతి పనియు శాశ్వతమేననీ, ఇట్టి పరిస్థితులలో సదరు మాటకు ఈ భవనంలో తావు లేదనీ ప్రకటించారు. అంతటితో ఊరుకుంటే ఏ గొడవా లేదు. అంతకుముందు నెలలోనే ఆయన మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. అక్కడ నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టి, గ్రెప్ అనే కమాండుతో ఎన్ని వేల లైన్లలో ఉన్న మాటనైనా రెప్పపాటులో పట్టుకోవచ్చని నేర్పారు. మౌసు ముట్టుకోకుండా పని జరగడం చూసి ఆయన పరవశించిపోయారు. ఆ కమాండును ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. జేబులో కమాండు ఉంది, వెతకడానికి మాట దొరికింది.

వెతకడం ఎక్కడ అన్నదే ప్రశ్న. ప్రోగ్రాముల్లో వెతకొచ్చని పోలిరాజు వినయంగా చెప్పాడు. డైరెక్టర్ గారు తల అడ్డంగా ఆడించారు.

"ప్రోగ్రాములో వెతికితే మాట దొరుకుతుందయ్యా, మనిషి దొరకడు. ప్యాచ్‌లో అయితే పేరుతో సహా దొరుకుతాడు. పరిపాలనకు కావలసింది మనిషి."

ప్యాచ్ అంటే మార్పు చీటీ. ప్రోగ్రాములో ఎవరు ఏం మార్చినా ఒక చీటీ దానంతటదే తయారవుతుంది. దాని మీద మార్చినవాడి పేరుంటుంది. కొత్తగా చేర్చిన లైనుకు ముందు ప్లస్ గుర్తు, తీసేసిన లైనుకు ముందు మైనస్ గీత ఉంటాయి. చోటు తెలియడానికి పైన మూడు లైన్లు, కింద మూడు లైన్లు ఉన్నవున్నట్టు వేస్తుంది. ఈ సంగతి ఆ ఆఫీసులో నౌకర్లకు కూడా తెలుసు. డైరెక్టర్ గారికి మాత్రం పేరు వరకే తెలుసు, గుర్తులూ గీతలూ తెలియవు, ఎందుకంటే శిక్షణలో అది నాలుగో రోజు పాఠం.

సర్క్యులర్ వచ్చింది. ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఎవరి ప్యాచ్‌లోనైనా సదరు మాట కనిపించినచో క్రమశిక్షణా చర్య తప్పదు. ప్రతి సోమవారం పదకొండు గంటలకు, ఆ వారం పుట్టిన ప్యాచ్‌ల మీద డైరెక్టర్ గారే స్వయంగా కమాండు కొడతారు. మొదటి సోమవారం కీబోర్డుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు.

ఆ సోమవారానికి ముందు వారం రోజులూ పోలిరాజు తలెత్తకుండా పనిచేశాడు. మాటను నిషేధించారంటే తీసెయ్యమని అర్థం చేసుకున్నాడు పాపం. తన వంతు ప్రోగ్రాముల్లో, రేషన్ కార్డుల దగ్గర, బస్సు పాసుల దగ్గర, హాస్టళ్ల దగ్గర, ఎక్కడ ఆ మాట కనిపిస్తే అక్కడ దాన్ని తీసేసి, ఆనాడు వాయిదా వేసిన పనిని పూర్తిచేస్తూ పోయాడు. అలా రెండువందల పన్నెండు తీశాడు. ఒక్కటి మిగిలింది, అది పడవల టోకెన్ల ప్రోగ్రాములోది. సోమవారం టిఫిన్ తిన్నాక తీద్దామనుకున్నాడు.

పదకొండు గంటలకు డైరెక్టర్ గారు చీటీ చూసి ఒక్కొక్క అక్షరమే కొట్టారు. నల్ల తెర నిండిపోయింది. రెండువందల పన్నెండు లైన్లు, ప్రతి లైనులోనూ సదరు మాట, ప్రతి దాని పక్కనా మైలపల్లి పోలిరాజు. మిగతా ఎవరి పేరూ లేదు. మిగతా ఎవరూ ఏ పనీ చేయలేదు కనుక.

పోలిరాజు తెర దగ్గరికి వెళ్లి, ప్రతి లైనుకు ముందున్న మైనస్ గీతను వేలితో చూపించాడు. అది తీసేసినదానికి గుర్తని, మాట ఇప్పుడు ప్రోగ్రాములో లేదని విడమరిచి చెప్పాడు. డైరెక్టర్ గారు శాంతంగా విన్నారు.

"మాట మీ ప్యాచ్‌లో ఉన్నదా లేదా? అంతవరకే నా ప్రశ్న."

"ఉంది సార్, కానీ..."

"ఉన్నది. నమోదు చేసుకోండి."

సూపరింటెండెంట్ పట్నాయకుని లింగమూర్తి గారు నమోదు చేసుకున్నారు. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆయన సర్క్యులర్‌కు ఎదురు చెప్పి ఎరగరు. సర్క్యులర్‌లో గీతల ప్రస్తావన లేదని ఆయన అభిప్రాయపడ్డారు. తీసెయ్యడం తప్పయితే మళ్లీ యథాస్థానంలో పెట్టేస్తానన్నాడు పోలిరాజు. అప్పుడు ప్లస్ గుర్తుతో మరో రెండువందల పన్నెండు అవుతాయని లింగమూర్తి గారు జాలిగా హెచ్చరించారు.

లిఖితపూర్వక సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇచ్చాడు. ఆ ఆఫీసులో కాగితాలు కూడా ప్రోగ్రాముల పక్కనే దాస్తారు కాబట్టి, వాటికీ ప్యాచ్‌లు పుడతాయి. సంజాయిషీలో ఆ మాట తొమ్మిది సార్లు వచ్చింది. మరుసటి సోమవారం ఆ తొమ్మిదీ తెర మీద ప్రత్యక్షమయ్యాయి. అప్పట్నుంచీ ఆఫీసులో అందరూ "సదరు మాట" అనడమే తప్ప, ఆ మాటను పెదవుల మీదికి రానివ్వలేదు. లింగమూర్తి గారు మనసున్న మనిషి కాబట్టి, పోలిరాజుకు ఇచ్చినదాన్ని మెమో అనకుండా "సలహా" అని రాయించారు. ఇంకొక్కసారి పేరు తెర మీద పడితే మాత్రం పర్మనెంటు ఫైలు మూసేసి, ఉన్న ఉద్యోగం కూడా తీసేస్తామని కింద ఎర్ర సిరాతో రాయక తప్పలేదు.

మూడో సోమవారం పించన్ల ప్రోగ్రామర్ హైమావతి గారు దొరికారు. ఆవిడ సదరు మాట జోలికే పోలేదు. పించన్ల ప్రోగ్రాములో ఒక ఊరి పేరు తప్పుగా ఉంటే సరిదిద్దారు. ఆ ఊరికి రెండు లైన్ల పైన ఆ మాట పాతుకుని ఉంది. చోటు చూపించే మూడు లైన్లలో అది కూడా ఆవిడ ప్యాచ్‌లోకి వచ్చింది. పక్కనున్నదానికి నాకేం సంబంధమని ఆవిడ నిలదీస్తే, అనుచిత సామీప్యం కూడా నేరమేనని డైరెక్టర్ గారు తేల్చారు. వెంటనే రెండో సర్క్యులర్: సదరు మాటకు పైన మూడు, కింద మూడు లైన్లు నిషిద్ధ ప్రాంతం. పని మొదలుపెట్టే ముందు ప్రతివారూ దూర ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ పత్రాలిచ్చేందుకు అయిదుగురితో కొత్త సెక్షన్ పెట్టారు. ప్రోగ్రాములు రాసే చేతులు అయిదు జతలు తగ్గాయి.

దాంతో ఎవరూ ఏదీ ముట్టుకోవడం మానేశారు. తప్పులు తప్పులుగానే ఉన్నాయి, వాటి పక్కన కొత్త తప్పులు హాయిగా కాపురం పెట్టాయి. సోమవారం సోమవారం తెర మాత్రం శుభ్రంగా, నల్లగా మెరిసేది. నాలుగు వారాలు వరసగా సున్నా. డైరెక్టర్ గారి ఫొటో పేపర్లో పడింది. సదరు మాటను సమూలంగా నిర్మూలించిన తొలి కార్యాలయమని మెచ్చుకుంటూ రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. మాట మాత్రం తొమ్మిదివందల చోట్ల చెక్కుచెదరకుండా ఉంది. ఆ సంగతి అడిగినవాడు లేడు.

అలాంటి రోజుల్లో తుపాను వచ్చింది.

డైరెక్టరేట్ ఉన్నది విశాఖపట్నంలో, కొండ మీద. డైరెక్టర్ గారి గది కిటికీలోంచి చూస్తే దిబ్బలపేట రేవు, ఇసుక మీద పడవలు, దాని అవతల సముద్రం. దిబ్బలపేట పోలిరాజు సొంత ఊరు. అక్కడ ఏ పడవ నీళ్లలోకి దిగాలన్నా ఈ ఆఫీసు ప్రోగ్రామే టోకెన్ ఇవ్వాలి. టోకెన్ లేకపోతే డీజిలు పొయ్యరు, గార్డులు కదలనివ్వరు. తుపాను హెచ్చరిక వస్తే టోకెన్లు ఆపడానికి ఆ ప్రోగ్రాములో ఒక లైను ఉంది. "నిలుపుదల (తాత్కాలికం): లేదు" అని ఉంటుంది. దాన్ని "ఉంది" చేస్తే రాష్ట్రమంతటా పడవలు ఆగిపోతాయి, "లేదు" చేస్తే కదులుతాయి. పోలిరాజు టిఫిన్ తిన్నాక తీద్దామనుకున్న రెండువందల పదమూడోది ఇదే.

ఆపమని కలెక్టరాఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. నిషిద్ధ ప్రాంతంలోకి అడుగు పెట్టడానికి ఎవరూ సిద్ధంగా లేరు. చివరికి డైరెక్టర్ గారు ఆకుపచ్చ సిరాతో మినహాయింపు నంబరు ఒకటి జారీ చేశారు: ప్రాణాపాయ నివారణ నిమిత్తం, ఒక్క పర్యాయం మాత్రమే. పోలిరాజు "లేదు"ని "ఉంది" చేశాడు. పడవలు ఆగాయి. ఆ సోమవారం తెర మీద పడిన రెండు లైన్లకూ ఆకుపచ్చ సిరా అడ్డుపడి అతన్ని కాపాడింది.

తుపాను మూడో రోజున ఒడిశా వైపు మళ్లి తీరం దాటింది. నాలుగో రోజుకి ఎండ కాసింది. అయిదో రోజున పోలిరాజు మళ్లీ నాలుగో అంతస్తు ఎక్కి, సముద్రం ప్రశాంతంగా ఉంది కాబట్టి ఆ లైనును మార్చడానికి రెండో మినహాయింపు ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. డైరెక్టర్ గారు అర్జీని రెండుసార్లు చదివారు.

"మినహాయింపు ప్రాణాపాయానికి. సముద్రం ప్రశాంతంగా ఉన్నదని మీరే రాశారు. ప్రశాంతతకు మినహాయింపు ఇచ్చే నిబంధన లేదు."

మార్గాంతరం కోసం ఉపసంఘం వేశారు. ఉపసంఘం మూడుసార్లు సమావేశమై, బిస్కెట్లు తిని, మళ్లీ తుపాను వచ్చేదాకా ఆగాలని తేల్చింది. తుపాను వస్తే ప్రాణాపాయం ఉంటుంది, ప్రాణాపాయం ఉంటే మినహాయింపు ఉంటుంది, అప్పుడు ఆ లైనును మార్చి పడవలను వేటకు పంపవచ్చు. నిబంధనల ప్రకారం ఇందులో ఏ దోషమూ లేదని లింగమూర్తి గారు ఒప్పుకున్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కిటికీ వైపు చూడలేదు. డైరెక్టర్ గారు అప్పటికే కుర్చీని సముద్రానికి వీపు వచ్చేలా తిప్పించుకున్నారు.

రోజులు గడిచాయి. కానాగంత చేపలు ఒడ్డు దాకా వచ్చి ఎగురుతున్నాయని ఊళ్లోంచి కబుర్లు. పొయ్యి వెలిగించని ఇళ్ల లెక్క కూడా వాటితోపాటే వచ్చేది. పోలిరాజు ఇంటికి ఫోను చేయడం మానేశాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే ముద్ద దిగేది కాదు. కీబోర్డు మీద ఆరు మీటలు నొక్కితే చాలునని అతనికి తెలుసు. నొక్కితే ఏమవుతుందో కూడా తెలుసు. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, పదకొండేళ్లుగా ఎదురు చూస్తున్న కాగితం.

పదకొండో రోజు, సోమవారం ఉదయం, అతని అక్క నూకరత్నం ఖాళీ గంప చంకన పెట్టుకుని కొండెక్కి వచ్చింది. అమ్మ పోయాక ఆ గంపతోనే చేపలమ్మి తమ్ముణ్ణి చదివించింది. గేటు దగ్గర కాపలావాడు ఆపబోయి, ఆవిడ చూపు చూసి పక్కకు తప్పుకున్నాడు.

"ఒరే పోలీ, సముద్రం తెరుసుకొని వారం దాటిపోనాది. మీ ఆపీసెప్పుడు తెరుసుకుంటాదిరా?"

పోలిరాజు ఆవిణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. మాట సంగతి, మైనస్ గీత సంగతి, మూడు లైన్ల సంగతి. నూకరత్నం మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నది.

"అంటే ముల్లు గుచ్చినోడ్ని ఒగ్గీసి, తీసినోడ్ని కొడతారన్నమాట," అంది.

"అంతే అక్కా."

"నువ్వు తీస్తే నీ వుజ్జోగం పోతాదేటి?"

"పోతాదక్కా."

నూకరత్నం చీర కొంగుతో గంప అంచు తుడిచింది. తర్వాత లేచి నిలబడి, "మరైతే వొద్దురా నాయనా. ఇన్నాళ్లు ఆగినోలం, ఆగుతాం," అని, గంప చంకనెత్తుకుని మెట్లు దిగిపోయింది.

తిట్టి ఉంటే పోలిరాజు భరించేవాడు. వద్దన్న ఆ మాటే అతని గుండెలో గుచ్చుకుంది. గడియారం చూశాడు. పదకొండుకు పావు తక్కువ. కుర్చీ ముందుకు లాక్కుని, ఆ లైను తెరిచి, "ఉంది" చెరిపి "లేదు" అని కొట్టి, తన పేరు మీదే పంపించాడు. భయం వేసింది, సిగ్గు కూడా వేసింది, ఈ పని వారం కిందటే చేయనందుకు.

పదకొండు గంటలకు డైరెక్టర్ గారు కమాండు కొట్టే వేళకు, కిటికీ అవతల దిబ్బలపేట పడవలు ఒకదాని వెనక ఒకటి నీళ్లలోకి దిగుతున్నాయి. తెర మీద రెండు లైన్లు పడ్డాయి, పోలిరాజు పేరుతో. ఏడు వారాల సున్నా చెడింది. డైరెక్టర్ గారు కేకలెయ్యలేదు. తక్షణం ఉద్యోగం నుంచి తొలగిస్తున్నట్టు ఉత్తర్వు చెప్పి రాయించి, అమలు చేయమని లింగమూర్తి గారి చేతికిచ్చారు.

లింగమూర్తి గారు సిబ్బంది రిజిస్టరు తెరిచారు. అరగంట దాని ముందు కూర్చున్నారు. ఆ తర్వాత చెమట తుడుచుకుంటూ వచ్చి, తలుపులు దగ్గరగా వేసి, విషయం విన్నవించారు. రిజిస్టరు కూడా ప్రోగ్రాముల పక్కనే ఉంటుంది, దానికీ ప్యాచ్ పుడుతుంది. అందులో ఉన్న లైను ఇదీ: మైలపల్లి పోలిరాజు, ప్రోగ్రామర్, సదరు మాట. అతన్ని తీసెయ్యాలంటే ఆ లైను తీసెయ్యాలి. రిజిస్టరు తాళం డైరెక్టర్ గారి దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. కాబట్టి ఆ ప్యాచ్ డైరెక్టర్ గారి పేరుతో, సదరు మాటతో, తెర మీద పడుతుంది.

డైరెక్టర్ గారు మినహాయింపు రాసుకోవచ్చా అన్నారు. రాసుకోవచ్చు గానీ, పోలిరాజు వల్ల ప్రాణాపాయం ఉందని వైద్యుడు ధ్రువీకరించాలన్నారు లింగమూర్తి గారు. వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన పోలిరాజు నాడి చూసి, ఇతని వల్ల ఎవరికీ ప్రమాదం లేదనీ, ఇతనికే కొంచెం రక్తం తక్కువగా ఉందనీ రాసిచ్చి వెళ్లాడు.

ఇంకొక సంగతి కూడా లింగమూర్తి గారు పోలిరాజుకు విడిగా, మెల్లగా చెప్పారు. అతన్ని పర్మనెంటు చేయాలన్నా ఆ లైనునే మార్చాలి. అంటే ఈ మూడు నెలలూ బుద్ధిగా ఉండి ఉన్నా ఆ కాగితం వచ్చేది కాదు. పోలిరాజు ముందు తెల్లబోయాడు, తర్వాత కుర్చీలో కూలబడి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. లింగమూర్తి గారు కూడా, ముప్పయ్యేళ్లలో మొదటిసారి, ఆఫీసు వేళల్లో నవ్వారు.

ఆ రోజు నుంచీ ఆ ఆఫీసులో భయం లేని మనిషి పోలిరాజు ఒక్కడే అయ్యాడు. ఎవరి ప్రోగ్రాములో ముల్లు ఉన్నా అతని బల్ల దగ్గర వరస కట్టేవారు. హైమావతి గారి ఊరి పేరుకు పైనున్నది మొదట తీశాడు. వారానికి యాభై, అరవై తీసేవాడు. సోమవారం తెర అతని పేరుతో నిండేది, దాని మీద మెమో వచ్చేది, మెమోను అతను సొరుగులో వేసుకునేవాడు.

నెల తిరిగేసరికి రాజధాని నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. అది ఆ ఏడు వారాల సున్నాల ఫలం. గుణరంజన్ గారికి సచివాలయంలో పెద్ద పదవి ఇచ్చారు. పదిహేను రోజుల్లో ఇక్కడి రిజిస్టరులో తమ పేరు తామే తీసేసుకుని వచ్చి చేరాలి, ఆలస్యమైతే పదవి వేరేవారికి. మిఠాయిలు పంచారు. లింగమూర్తి గారు మిఠాయి నోట్లో వేసుకోకుండానే రిజిస్టరు తెచ్చి ముందు పెట్టారు. రిజిస్టరులో పేర్లు హోదాల వారీగా ఉండవు, అక్షరక్రమంలో ఉంటాయి. ముత్తా గుణరంజన్ అన్న లైనుకు సరిగ్గా కింది లైను మైలపల్లి పోలిరాజుది. అది తీస్తే ఇది కూడా సదరు మాటతో సహా ఆయన ప్యాచ్‌లోకి వస్తుంది. రాకూడదంటే ముందు పోలిరాజు లైనులోంచి ఆ మాట పోవాలి, పోతే అదీ మైనస్ గీతతో డైరెక్టర్ గారి పేరు మీదే పడుతుంది.

పద్నాలుగో రోజు సాయంత్రం డైరెక్టర్ గారు తమంతట తామే మూడంతస్తులు దిగి పోలిరాజు బల్ల దగ్గరికి వచ్చారు. అప్పుడే నూకరత్నం వచ్చి, బాదం ఆకులో చుట్టిన వంజరం ముక్కలు తమ్ముడికిచ్చి, డైరెక్టర్ గారి ముఖం చూసి, ఈ బాబు కూడా తిండి మానేసినట్టున్నాడని ఇంకో పొట్లం ఆయన ముందు పెట్టి వెళ్లింది. ఆయన పొట్లం వంక చూశారు.

"పోలిరాజు గారూ," అన్నారు. పదకొండేళ్లలో ఆ గారు రావడం అదే మొదలు. "ఆ మైనస్ గీత... అది ఉంటే తీసేసినట్టే కదా?"

"అవును సార్. మొదటి సోమవారం నుంచీ అంతే."

డైరెక్టర్ గారు తల పంకించి, నిట్టూర్చి, పొట్లం చేతిలోకి తీసుకున్నారు.

"ఇంత ముఖ్యమైన విషయం మొదటే ఎవరైనా నా దృష్టికి తేవలసింది," అన్నారు.